ఏట్లో వదిలిన చీర

ఆదివారం పొద్దున ఏటి గట్టున మేం చేసే పనిని మా ఆయన ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. "ఊరోళ్ళ చీరలు ఏరుకొనేదానికి పోతా ఉండావు" అంటాడు. అన్యాయమైన మాటే గానీ అబద్ధం కాదు. కవర్లూ, థర్మాకోల్ ప్లేట్లూ, మందు సీసాలూ ఎన్ని తీసినా మా ఏట్లో అన్నిటికంటే ఎక్కువగా తేలేవి బట్టలు. అందులోనూ చీరలు. మనిషి పోయాక దినాలనాడు వాళ్ళు కట్టిన బట్ట ఒకటి పారే నీళ్ళలో వదలడం మా పక్క చాలా ఇళ్ళలో ఆచారం. ఆచారం బాగానే ఉంది, నీళ్ళు పారడమే లేదు. హోసూరు దాటి కెలవరపల్లి డ్యామ్ దగ్గర పడేసరికి ఏరు మందగిస్తుంది, గుర్రపుడెక్క అల్లుకుంటుంది. వదిలిన చీర ఆ డెక్క వేళ్ళకు చుట్టుకుని అక్కడే నానుతుంది.

వాటిని మేం మామిడికాయలు కోసే దోటితో లాగుతాం. పొడుగాటి వెదురు, చివర కొక్కెం. కాయ కోసే ఒడుపే చీర లాగడానికీ కావాలి. గుంజితే చిరుగుతుంది, మెల్లగా తిప్పి తిప్పి రప్పించాలి. లాగిన వాటిని పక్క తోటలో బోరు నీళ్ళతో జాడించి ఆరేస్తాం. నూలువైతే గుంత తీసి పూడుస్తాం. నైలాన్‌వైతే తాళ్ళుగా పేని, ఖాళీ క్యాన్లు కట్టి, ఊరి మురుగుకాలువ ఏట్లో కలిసే చోట అడ్డంగా వేస్తాం. కవర్లూ సీసాలూ ఆ తాడు దగ్గర ఆగిపోతాయి. పోయినవాళ్ళ చీరలు ఉన్నవాళ్ళ చెత్తను ఆపుతున్నాయని ఎవరైనా వచ్చి ఫోటోలు తీసుకుంటే మాకు గొప్పగా ఉండేది.

మేమంటే పెద్ద సంఘమేం కాదు. ముఖ్యంగా ముగ్గురం. పంచర్ షాపు పెట్టుకున్న అరవాయన ఒకడు. ఇంట్లో అరవం, మాతో తెలుగు, తిట్టాల్సి వస్తే కన్నడం. ఇంకొకామె రిటైరైన లెక్కల టీచరమ్మ. మూడోదాన్ని నేను. కంపెనీలో క్వాలిటీ చెకింగ్‌లో ఉంటాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేతికొచ్చిన ప్రతి ముక్కనూ వెలుతురుకు పట్టి, తిప్పి చూసి, బాగుంటే ఇటు, లేకుంటే అటు వేయడమే నా ఉద్యోగం. ఇన్నేళ్ళు చేశాక ఆ బుద్ధి ఇంటికీ వస్తుంది, పెళ్ళిళ్ళకీ వస్తుంది. ఎదురుగా ఏది కనబడినా లోపమెక్కడుందా అని వెతుకుతాను. నాతో కాపురం చేయడం తేలికేం కాదని మా ఆయన చెప్పేది నేను కాదనను.

పనంతా చీరలూ చెత్తేనా అంటే కాదు. పైన వానలు పడి కొత్తనీళ్ళు వచ్చిన వారం పంచర్ షాపాయన లారీ ట్యూబులు గాలి కొట్టి తెచ్చేవాడు. వాటి మధ్యలో కూర్చుని, కాళ్ళు నీళ్ళలోకి వదిలి తేలేవాళ్ళం. టీచరమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని, కళ్ళజోడు తాడుతో మెడకు కట్టుకుని, "నన్ను తొయ్యొద్దండమ్మా, నేను మెల్లిగా పోతాను" అని అరిచేది. అలా అరిచిందంటే ఎవరైనా తొయ్యాలని అర్థం. పైన కొంగలు, కింద చల్లటి నీళ్ళు. నా కాళ్ళూ చేతులూ నోరూ మూడూ ఊరికే ఉండేది ప్రపంచంలో ఆ ట్యూబులోనే.

మిగతా సమయంలో ఊరుకునేదాన్ని కాదు. బట్టలు వదిలేవాళ్ళతో పోట్లాడేదాన్ని. దుఃఖంలో ఉన్నవాళ్ళని చూసి టీచరమ్మ వెనక్కి తగ్గేది, నేను ముందుకు పోయేదాన్ని. "పోయినోళ్ళ మీద అంత ప్రేముంటే ఇంట్లో పెట్టుకోండప్పా, ఏట్లో ఎందుకు వేస్తారు?" అని గుండు గీయించుకుని నిలబడ్డ కొడుకులనే అడిగేదాన్ని. ఏట్లో గుడ్డలు వేయరాదని మూడు భాషల్లో బోర్డు పెట్టించాం. అందులో తెలుగు వరుస నేనే రాశాను.

అమ్మకు ఇదంతా వినోదం. అన్న దగ్గర ఉండేది, హోసూరు అవతల గులాబీల తోటలో. "మా బిడ్డ ఏటికి పోలీసు" అని తోటలో ఆడవాళ్ళకు చెప్పి నవ్వేది. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ అన్న పాలీహౌస్‌లో పూలు కోసింది. ఆ పనికి ఒకే చీర, ముదురాకుపచ్చ నైలాన్‌ది. గులాబీ ముళ్ళు దాన్ని ఎక్కడపడితే అక్కడ పట్టి చీల్చేవి. అమ్మ సూదిలో ఏ దారముంటే దాంతోనే కుట్టేసేది. ఎక్కువసార్లు ఎర్రదారమే ఉండేది. ఆకుపచ్చ మీద ఎర్ర కుట్లు చూసి నాకు చిరాకేసేది. "రంగు దారం కొనిస్తాను కదమ్మా" అంటే, "పూలకేం తెలుస్తాది పోవే" అనేది.

మంచం పట్టాక ఒకరోజు నన్ను దగ్గరికి పిలిచి ఆ చీర సంగతే ఎత్తింది. "నేను పోతే దాన్నే ఏట్లో వదలండి. పట్టుచీర వద్దు, అది వదినకియ్యి" అంది. నా మొహం చూసి నవ్వింది. "తెలుసు నీ చట్టం. అయినా ఇది వదలాల. మా అత్త చీర నేనే వదిలినాను. మలుపు తిరిగేదాకా చూసినాను. యాడా తట్టుకోకుండా పోయింది. అట్ల పోతేనే పోయినోళ్ళు నిమ్మళంగా పోయినట్టు. నువ్వు చూడాల నాది. మీ అన్న ఏడుస్తా ఉంటాడు, వానికి కండ్లు కనపడవు. నువ్వు చూడు."

చూస్తానన్నాను. ఆమె కాలంలో ఏరు పారేదని, ఇప్పుడు పారదని, ఆ మాట ఆమెకు చెప్పే గుండె నాకు లేకపోయింది.

మామిడికాపు అయిపోయాక అమ్మ పోయింది. దినాలనాడు ఏటి గట్టుకు పోయాం. పై నుంచి ఏం నీళ్ళు వదిలారో ఏమో, ఆ పొద్దు ఏరంతా నురుగు. మనిషి నడుమెత్తున, తెల్లగా, గాలికి ముక్కలు ముక్కలుగా లేచి గట్టు మీద పడుతోంది. అయ్యవారు ఆ నీళ్ళు ముట్టనన్నాడు. మినరల్ వాటర్ క్యాన్ తెప్పించి, దాంతో తర్పణాలు కానిచ్చారు. మా బోర్డు పక్కనే నిలబడి ఉన్నాం. చుట్టాలు ఒకసారి బోర్డును, ఒకసారి నన్ను చూస్తున్నారు. తనదాకా వస్తే గానీ తెలియదని పెద్దలు ఊరికే అనలేదు.

"నీళ్ళల్లో ముంచి తీసేద్దామన్నా. వదలొద్దు. ఈ నీళ్ళల్లో యాడికీ పోదు" అన్నాను.

అన్న అప్పటికే ఏడ్చి ఏడ్చి ఉన్నాడు. "ఏట్లో వేసిన బట్ట మళ్ళా ఇంటికి తీసుకపోకూడదు. అమ్మ అడిగింది నిన్నే కదా? ఊరి చీరలన్నీ ఏరేదానివి, కన్నతల్లి చీర దగ్గర కూడా చట్టమేనా?" అన్నాడు, అందరి ముందరా.

చీర మడతలు విప్పాను. వదిలాం. చీర నీళ్ళ మీద పరుచుకుంది, కొంగు కొంచెం ముందుకు జరిగింది. అంతలో గాలికి నురుగు కమ్ముకొచ్చి దాన్ని మింగేసింది. ముందుకు పోయిందో, మునిగిందో, అక్కడే ఉందో తెలియలేదు. నేను మలుపు వైపు చూస్తూ నిలబడ్డాను. మలుపు కూడా నురుగే. కళ్ళు పొడుచుకున్నా ఆకుపచ్చ రంగు కనబడలేదు. నాకు కోపమొచ్చింది. ఆ కోపం ఎవరి మీద చూపాలో తెలియక అన్న మీదికి తిరిగాను. "ఇంక సంతోషమేనా?" అని అరిచాను. అన్న బండెక్కి వెళ్ళిపోయాడు. తర్వాత నాకు ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. మా ఇంట్లో మొండితనం అందరికీ సమానంగా పంచారు.

అప్పటినుంచి నాకు కాలు నిలవడం మానేసింది.

అంతకుముందు ఆదివారం ఏటికి పనికోసం పోయేదాన్ని. ఇప్పుడు పని పేరు చెప్పి ఒక్క చీర కోసం పోతున్నాను. దొరకాలని కాదు, దొరకకూడదని. దొరికిందంటే అది పోలేదని. పోలేదంటే అమ్మ నిమ్మళంగా లేదని. ఇలాంటివి నేను నమ్మనని పదిమందికి పది పాఠాలు చెప్పిన దాన్నే. నమ్మకం లేకపోతే మరి ఆ దడ ఎందుకో నాకే అర్థం కాలేదు. దోటి కొక్కేనికి ఏదైనా బరువుగా తగలగానే ముందు రంగు వెతికేదాన్ని. నీలం కనబడితే ఊపిరి. పసుపు కనబడితే ఊపిరి. ఆకుపచ్చ కనబడితే దోటి తిప్పడం ఆపేసేదాన్ని. దగ్గరికొచ్చాక అది అరటాకో, సిమెంటు సంచో, ఎవరి అమ్మదో వేరే చీరో అయ్యేది.

ఆదివారం దాకా ఆగలేక వారం మధ్యలోనూ మొదలుపెట్టాను. షిఫ్ట్ బస్సు ఎక్కేముందు ఏటి దగ్గరికి ఒక పరుగు. బస్సు వంతెన దాటేటప్పుడు లేచి నిలబడి కిటికీలోంచి వంగి చూడడం. కండక్టర్ ఒకసారి, "ఏమ్మా, ఏమైనా పోగొట్టుకున్నారా?" అని అడిగాడు కూడా. కంపెనీలో ముక్కలు చేతిలో పట్టుకుని వెలుతురుకు పెడితే నాకు నురుగే కనబడేది. బాగున్నవాటిని అటు పడేసి, సూపర్‌వైజర్ చేత మాట పడ్డాను. కాలుగాలిన పిల్లిలా ఇంట్లో తిరుగుతుంటే మా ఆయన ఎగతాళి మానేశాడు. అది మానేశాడంటే పరిస్థితి ఎందాకా వచ్చిందో తెలుసుకోవచ్చు.

పంచర్ షాపాయన నన్ను ఏమీ అడగలేదు. దినాలనాడు గట్టు మీద ఆయనా ఉన్నాడు, అంతా చూశాడు. ఒక ఆదివారం మాత్రం ట్యూబు తెచ్చి నా ముందర పెట్టి, "ఎక్కమ్మా, కొంచేపు తేలు. నీళ్ళు బాగుండాయి ఈ పొద్దు" అన్నాడు. ఎక్కాను. కాళ్ళు నీళ్ళలోకి వదలగానే కింద ఏదో మెత్తగా పాదానికి తగిలింది. డెక్క వేరే అయ్యుంటుంది. కెవ్వున అరిచి, ట్యూబు తిరగబడేంత పనిచేసి గట్టెక్కేశాను. మళ్ళీ ట్యూబు ఎక్కలేదు.

తర్వాత వానలు పట్టుకున్నాయి. డ్యామ్ షట్టర్లు ఎత్తారని, కృష్ణగిరి వైపు ఏటి ఒడ్డువాళ్ళు జాగ్రత్తగా ఉండాలని టీవీలో చెప్పారు. అందరూ భయపడుతుంటే నాకు లోపల్లోపల సంబరం. ఈ వరదకు ఏ చీరైనా కొట్టుకుపోక తప్పదు. మరుసటి రోజు సెలవు పెట్టి, బర్గూరులో చుట్టాలింటికని మా ఆయనకు చెప్పి, కృష్ణగిరి బస్సెక్కాను. అక్కడి డ్యామ్ దగ్గర దిగి, కింద వంతెన మీద నిలబడి, ఎర్రటి నీళ్ళు విరగబడి పోతుంటే మధ్యాహ్నం దాకా చూశాను. చెట్ల కొమ్మలు, టెంకాయ మట్టలు, ఒక ప్లాస్టిక్ కుర్చీ. చేపలు వేయించి అమ్మే ఆమె, "ఎవురైనా కొట్టకపోయినారా అమ్మా?" అని మెల్లగా అడిగింది. లేదన్నాను. ఆమె నమ్మలేదు, మంచినీళ్ళు ఇచ్చింది. అంత ఏట్లో చీరను గుర్తుపట్టేదాన్ని కాదని అక్కడే తెలుసు. అయినా బస్సులో వచ్చేటప్పుడు పోయిందిలే, పోయే ఉంటుందిలే అని నాకు నేను నచ్చచెప్పుకున్నాను. చాలా రోజుల తర్వాత ఆ పూట కడుపునిండా తిన్నాను.

వరద తగ్గిన తర్వాతి ఆదివారం అది దొరికింది.

లాగింది నేను కాదు, టీచరమ్మ. మురుగుకాలువ మూల దగ్గర వరద డెక్కనంతా కుప్పగా నెట్టేసి పోయింది. ఆ కుప్పలోంచి దోటితో తిప్పి తిప్పి ఏదో రప్పిస్తూ, ఉన్నట్టుండి ఆగిపోయింది. నన్ను పిలవలేదు. పంచర్ షాపాయన వైపు చూసింది. ఆయన నా వైపు చూశాడు. అప్పుడు తెలిసింది, నాతోపాటు వాళ్ళూ ప్రతి ఆదివారం దాన్నే వెతుకుతున్నారని.

పోయి చేతిలోకి తీసుకున్నాను. బురదకు రంగేదో తెలియడం లేదు. బొటనవేలితో రుద్దాను. ఆకుపచ్చ. ఇంకొంచెం రుద్దాను. ఎర్రదారం కుట్లు, వంకరటింకరగా, ఒక్కటీ ఊడిపోకుండా ఉన్నాయి. మేం వదిలిన తావు అక్కడికి కనబడుతూనే ఉంది. బోర్డు కూడా కనబడుతోంది. నురుగు, వాన, వరద, షట్టర్లు, ఇన్ని వచ్చిపోయినా చీర నాలుగు బారలు కూడా జరగలేదు. గట్టు మీద కూలబడిపోయాను. ఏడుపు రాలేదు. కోపమొచ్చింది. ఏటి మీద, పై నుంచి మురుగు వదిలేవాళ్ళ మీద, నన్ను చూడమని చెప్పిన అమ్మ మీద కూడా. ఒక్క పని చెప్పింది, అది కూడా కాలేదు.

వాళ్ళిద్దరూ కొంచెం దూరంలో గుసగుసలాడుకున్నారు. తర్వాత పంచర్ షాపాయన వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "అమ్మా, డ్యామ్‌కు అవతల నీళ్ళు ఇప్పుడు బిర్రున పోతా ఉండాయి. నా బండిలో పోదాము. ఆడ వదిలేద్దువు. మలుపు కూడా ఉంది ఆడ" అన్నాడు.

"మేము ఎవరికీ చెప్పము" అంది టీచరమ్మ. నిబంధన తప్పినవాళ్ళను క్లాసు బయట నిలబెట్టిన మనిషి ఆమె.

వాళ్ళ మంచితనానికి అప్పుడు ఏడుపొచ్చింది. లేచి నిలబడ్డాను కూడా. అమ్మకిచ్చిన మాట చేతిలో ఉంది, పారే నీళ్ళు పక్కనే ఉన్నాయి. కానీ మలుపు తిరిగాక చీర ఏమవుతుందో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఏ రైతు మోటారు పైపు మూతికో చుట్టుకుంటుంది. అవతల ఇంకొకామె దోటి పట్టుకుని కాచుకుని ఉంటుంది. అమ్మను తీసుకెళ్ళి వాళ్ళ మీదికి తోసేయడమేగా. అయినా కాళ్ళు బండి వైపే లాగుతున్నాయి. వదలమని పట్టుబట్టింది అన్న కాబట్టి, ఆయనకు చెప్పకుండా వదలడం న్యాయం కాదనిపించింది. ఫోన్ తీశాను. మొదటి రింగుకే ఎత్తాడు.

"అన్నా, చీర దొరికింది."

వెనకాల పాలీహౌస్‌లో ఎవరో నవ్వుతున్న చప్పుడు వినబడుతోంది.

"యాడ?"

"ఈడనే. వదిలిన తావులోనే. యాడికీ పోలేదన్నా." తిడతాడని కాచుకున్నాను. అంత వరదకు కూడా పోలేదా, నువ్వు సరిగ్గా వదల్లేదు, నీ నోటి పొడుగే దానికి అడ్డుపడింది, ఏదో ఒకటి అంటాడని.

"అట్లయితే అమ్మ పోలేదా పాపా?" అన్నాడు.

ఆ గొంతులో భయం లేదు. చిన్నప్పుడు ఊరికి పోయిన అమ్మ అనుకున్న దానికంటే ముందే బస్సు దిగిందని ఎవరైనా చెబితే అడిగే గొంతు అది. ఇన్నాళ్ళూ నేను దేనికోసం అల్లాడుతున్నానో ఆ గొంతు వినగానే తెలిసింది. అమ్మ నిమ్మళంగా పోవాలని కాదు. అసలు పోకూడదని.

"పోలేదన్నా" అన్నాను. "ఈడనే ఉంది."

"వస్తా ఉండాను. యాడికీ కదలొద్దు" అని పెట్టేశాడు.

వచ్చేసరికి చీరను బోరు నీళ్ళలో జాడించి ఉంచాను. అన్న చెప్పులు విడిచి దగ్గరికొచ్చాడు. కుట్లు ఒక్కొక్కటీ తడిమాడు. "దరిద్రంగా కుట్టింది కదా" అన్నాడు. "ఎన్నిసార్లు చెప్పినానో" అన్నాను. ఇద్దరికీ నవ్వొచ్చింది, నవ్వుతూ ఉండగానే ఏడుపొచ్చింది. టీచరమ్మా, పంచర్ షాపాయనా పని ఉన్నట్టు అవతలికి పోయారు.

"డ్యామ్ అవతల వదిలేద్దామా అన్నా? నీళ్ళు బాగా పోతా ఉండాయంట" అన్నాను. నేనే, ఈ నోటితోనే.

అన్న తల అడ్డంగా ఊపాడు. "పోననేదాన్ని తరుముతామా?"

చీరను నాలుగు మడతలు పెట్టి, పూలు కట్టే గోనెపట్టా పరిచి, బండి మీద తన ముందర పెట్టుకున్నాడు.

"వదిలిన బట్టను ఇంటికి తీసుకపోకూడదు కదన్నా?"

"ఎవురు చెప్పినారు?"

"నువ్వే."

"నాకేం తెలుసు" అన్నాడు.

"వదిన అడిగితే ఏం చెప్తావు?"

"అమ్మ వచ్చిందని చెప్తాను" అని బండి స్టార్ట్ చేశాడు.